పచ్చిక పనివాళ్లు

గోల్కొండ నయా ఖిల్లాలో గోల్ఫ్ మైదానం రాతిగుండ్ల మధ్య సాగుతుంది. విశాఖ ఈస్ట్ పాయింట్‌లో సముద్రపు గాలి బంతితో ఆడుకుంటుంది. అక్కడ ఎండకు మాడకుండా, ఇక్కడ ఉప్పుగాలికి వాడకుండా పచ్చికను కాపాడటం వేర్వేరు విద్యలు. నాకు మాత్రం అన్నిటికన్నా ముచ్చటైనది గ్రీన్ మీద, అంటే బంతిని గుంతలోకి దొర్లించే నున్నటి పచ్చిక మీద, గుంత మార్చే పని. 108 మిల్లీమీటర్ల గొట్టపు కట్టర్‌ను మాలీ నిట్టనిలువుగా దించుతాడు. గడ్డితో సహా మట్టిదిమ్మను పైకి లాగి, నిన్నటి గుంతలో కూర్చి, అరచేత్తో ఒత్తి, నీళ్లు చల్లుతాడు. అతుకు ఎక్కడుందో వెతుక్కోవాల్సిందే! అది వెంట్రుకవాసి ఎత్తుగా ఉన్నా దొర్లే బంతి దారి తప్పుతుంది. ఎంత నేర్పు! ఆడటానికి వెళ్తే ఆ మాలీని ఆగి పలకరించండి. గ్రీన్ మీద మీ బంతి చేసిన సొట్టను మీరే సరిచేసి రండి.