రేషన్ కార్డు, పట్టా, స్త్రీ: కల్లూరు చిన్న కమతాలపై ఒక విమర్శ
ఖమ్మం జిల్లా కల్లూరు ప్రాంతపు చిన్న కమతాల్లో కలుపుతీత, పత్తితీత, మిరపకోత ప్రధానంగా స్త్రీల శ్రమపైనే నడుస్తాయి. 2013 నాటి జాతీయ ఆహార భద్రతా చట్టం రేషన్ కార్డు విషయంలో 18 ఏళ్లు నిండిన పెద్ద స్త్రీనే కుటుంబ యజమానిగా గుర్తించింది. 2018లో మొదలైన రైతుబంధు మాత్రం ఎకరానికి, పంటకాలానికి రూ. 4,000 చొప్పున పట్టాదారుకే అందించింది. పట్టా భర్త పేరిట ఉన్నచోట భార్య ఆ లెక్కలో రైతు కాదు. అంటే ప్రభుత్వం ఆమెను బియ్యం తీసుకునే వ్యక్తిగానే గుర్తించింది. పండించే వ్యక్తిగా గుర్తించలేదు. తిండిగింజలా, పత్తా అన్న నిర్ణయంలో ఆమె మాటకు బలం చేకూరాలంటే భూమిపై హక్కు అవసరం. 2006 నాటి అటవీ హక్కుల చట్టం, సెక్షన్ 4(4) ప్రకారం, వివాహితులకు దంపతులిద్దరి పేరిట హక్కు నమోదు కావాలి. భద్రాచలం అడవి అంచున పోడు భూమికి వర్తించే ఈ సూత్రాన్ని మైదానపు పట్టాకు విస్తరించకపోవడం విధాన లోపమే.