చోటు చదివే ఫైట్ మాస్టర్లు

ఫైట్ మాస్టర్ పనంటే దెబ్బలు కూర్చడమే అనుకుంటాం. అంతకన్నా గొప్ప విద్య, చోటును చదవడం. మలేసియాలో తీసిన ఫైట్లంటే మన ప్రభాస్ ‘బిల్లా’ (2009) చాలామందికి గుర్తొస్తుంది. నేను మాత్రం దర్శకుడు స్టాన్లీ టాంగ్ ‘పోలీస్ స్టోరీ 3’ (1992) దగ్గరే ఆగిపోతాను. కౌలాలంపూర్ మీద ఎగిరే హెలికాప్టర్ తాళ్ల నిచ్చెనకు జాకీ చాన్ వేలాడుతుంటే, ఆయన కాళ్ల కింద నగరమంతా కనిపిస్తుంది. పెట్రోనాస్ జంట టవర్లు అప్పటికింకా లేవు. ఆ తర్వాత రైలు. మలేసియాలోని ఇపోలోనే పుట్టిన నటి మిషెల్ యో మోటారుసైకిల్‌తో కదిలే రైలు పైకి నిజంగానే దూకారు. బండి నడపడం ఆ సినిమా కోసమే నేర్చుకున్నారు! పట్టాల పక్క గట్టు ఎత్తు, రైలు వేగం, బండి వేగం మూడూ ఒక్క క్షణంలో కలవాలి. ఆ గట్టు లేకుంటే అలా దూకాలన్న ఊహే పుట్టదు.