కదలకుండా చేసే కసరత్తు

మీ ఛాతీ ముందు, రెండు చేతుల మధ్య పల్చటి కాగితంతో చేసిన పెద్ద బెలూన్ ఉందనుకోండి. గట్టిగా అదిమితే నలిగిపోతుంది. పట్టు వదిలితే గాలికి ఎగిరిపోతుంది. దాన్ని నలగనివ్వకుండా, జారనివ్వకుండా కొన్ని నిమిషాలు నిలబడాలి. చైనాలో పుట్టిన యీచువాన్ అనే సాధనలో కొత్తగా చేరినవారికి చెప్పే తొలి పాఠాల్లో ఇదొకటి. పరుగు లేదు, బరువులెత్తేది లేదు, బట్టీ పట్టాల్సిన భంగిమల వరస అసలే లేదు. చూసేవాళ్లకు మనిషి ఊరికే నిలబడ్డట్టు కనిపిస్తాడు. లోపల మాత్రం అరికాళ్ల నుంచి వేళ్ల కొసల దాకా ఒళ్లంతా ఆ లేని బెలూన్‌ను కాపాడే పనిలో ఉంటుంది.

ఆరోగ్యం కోసం మనసుకిచ్చే శిక్షణ అనగానే మనకు ధ్యానం గుర్తొస్తుంది, శవాసనంలో పడుకుని చేసే యోగనిద్ర గుర్తొస్తుంది. వాటిలో ఒళ్లు విశ్రాంతిగా ఉంటే మనసు పని చేస్తుంది. యీచువాన్‌లో మనసుకు అప్పగించిన పనికి ఒళ్లు అప్పటికప్పుడే స్పందించాలి. ఊహ కండరం దాకా చేరాలి, కండరం చెప్పిన జవాబు మళ్లీ మనసుకు తెలియాలి. ఈ రాకపోకలే అసలు కసరత్తు. కొట్లాట కోసం పుట్టిన ఈ విద్య రోగులకూ వృద్ధులకూ పనికొచ్చిందంటే కారణం ఇదేనని నా నమ్మకం.

ఈ పద్ధతికి రూపమిచ్చిన వాంగ్ షియాంగ్‌జాయ్ 1885లో ఉత్తర చైనాలోని హెబేయ్ రాష్ట్రంలో పుట్టారు. చిన్నప్పుడు ఎప్పుడూ నలతగా ఉండేవారని, ఒళ్లు గట్టిపడుతుందని పెద్దవాళ్లు ఆయన్ని గువో యున్‌షెన్ దగ్గర చేర్చారని శిష్యపరంపరలో చెప్పుకుంటారు. గువో షింగ్యీచువాన్ అనే యుద్ధవిద్యలో పేరుమోసిన గురువు. పెద్దయ్యాక వాంగ్ దక్షిణాది రాష్ట్రాలు తిరిగి, పేరున్న గురువులను వెతుక్కుంటూ వెళ్లి చేయి కలిపారు, వాళ్ల దగ్గర నేర్చుకున్నారు. 1920ల్లో యీచువాన్ అన్న పేరుతో బోధించటం మొదలుపెట్టేసరికి, చైనా యుద్ధవిద్యలకు ప్రాణమని అందరూ అనుకునే భంగిమల వరసలను ఆయన పూర్తిగా పక్కన పెట్టేశారు. బట్టీ పట్టిన కదలిక మనిషిలోని సహజ స్పందనను చంపేస్తుందని ఆయన వాదన. మాటల్లో వాదించి ఊరుకోలేదు. 1940లో బీజింగ్ పత్రికలకు ఇంటర్వ్యూలిచ్చి, సందేహమున్నవారు వచ్చి పరీక్షించుకోవచ్చని బాహాటంగా పిలిచారు. ఆ కాలంలో ఆయనతో తలపడటానికి వచ్చినవారిలో జపాన్‌కు చెందిన సవాయ్ కెనిచి ఒకరు. జూడోలో, కత్తిసాములో ఆరితేరినవారు. ఓడిపోయి, చివరికి వాంగ్‌కే శిష్యుడయ్యారు. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక జపాన్ వెళ్లి 1947లో తైకికెన్ పేరుతో సొంత శాఖ పెట్టారు.

1949 తర్వాత వాంగ్ దృష్టి ఆరోగ్య సాధన మీదకు మళ్లింది. బీజింగ్ పార్కుల్లో ఆయన చుట్టూ చేరినవారిలో దీర్ఘరోగులు చాలామంది ఉండేవారు. శిష్యుల్లో యూ యొంగ్‌నియన్ వృత్తిరీత్యా దంతవైద్యుడు. 1950ల్లో ఆయన ఈ నిలుపును ఆసుపత్రి రోగులచేత చేయించటం మొదలుపెట్టారు, తర్వాత దశాబ్దాలపాటు దాని మీదే రాశారు. పోరాట విద్య భారం మరో శిష్యుడు యావో జొంగ్‌షున్ భుజాన పడింది. వాంగ్ 1963లో కన్నుమూశారు. 1990ల్లో లామ్ కామ్ చ్యుయెన్ అనే గురువు రాసిన పుస్తకం, బ్రిటన్ టీవీలో చేసిన పాఠాలు ఈ నిలుపును యూరప్ ఇళ్లలోకి తీసుకెళ్లాయి.

నిలబడే ఈ సాధనను చైనాలో జాన్ జువాంగ్ అంటారు. పాదాలు భుజాలంత ఎడంగా, సమాంతరంగా ఉంచాలి. మోకాళ్లు బిగుసుకోకుండా కొద్దిగా వంచాలి. ఎత్తుపీట అంచున కూర్చోబోతున్నట్టు నడుము కింది భాగం దిగాలి. నడి నెత్తిన దారం కట్టి ఎవరో పైకి పట్టుకున్నట్టు తల నిలవాలి, గడ్డం కాస్త లోపలికి రావాలి. చేతులు గుండ్రంగా ఛాతీ ఎత్తుకు లేవాలి, అరచేతులు మనవైపే చూడాలి, వేళ్లు ఒకదానికొకటి తగలకూడదు. చేతులు ఎక్కడ ఉండొచ్చో వాంగ్ హద్దులు గీశారు. కనుబొమలు దాటి పైకి పోకూడదు, బొడ్డు దాటి కిందికి దిగకూడదు, ఒంటికి ఆనకూడదు, అడుగు దూరం మించకూడదు. ఎడమ చేయి కుడివైపుకీ, కుడి చేయి ఎడమవైపుకీ దాటకూడదు. ఈ హద్దుల్లో ఎవరికి హాయిగా ఉన్న చోట వారు చేతులు ఉంచుకోవచ్చు. శ్వాసను పట్టించుకోవద్దనే చెబుతారు. మామూలుగా ఆడుతుంటే చాలు. పెదవుల మీద నవ్వీ నవ్వని నవ్వు ఉండాలంటారు. ముఖం సడలితే మెడ సడలుతుంది, మెడ సడలితే భుజాలు దిగుతాయి.

చదివితే సులువుగానే ఉంటుంది. నిలబడితే రెండో నిమిషానికే కథ మారుతుంది. మనకు తెలియకుండానే భుజాలు చెవుల వైపు లేస్తాయి. బొటనవేళ్లు కర్రల్లా బిగుస్తాయి. తొడలు సన్నగా వణుకుతాయి, బరువు మడమల మీదకు జారుతుంది. సాధారణ వ్యాయామంలో ఇక్కడ పళ్లు బిగబట్టి ఓర్చుకోమంటారు. యీచువాన్ ఓర్చుకోమనదు, ఇంకో ఊహ ఇస్తుంది. ఛాతీ లోతు గోరువెచ్చటి నీళ్లలో నిలబడ్డాననుకో, మోచేతులు నీటి మీద తేలే దుంగకు ఆనాయనుకో. నిజంగా అనుకోగలిగితే భుజం అప్పుడే దిగుతుంది. చేతులు మోసే బాధ్యత నీటికి వెళ్లిపోయిందని కండరం నమ్మింది కాబట్టి ఆ మేరకు వదిలేసింది. భుజం దించు అని ఎన్నిసార్లు చెప్పుకున్నా దిగని భుజం ఒక్క ఊహకు దిగటం గమనించినవారికి ఈ విద్య కిటుకు దొరికినట్టే.

ఊహ అంటే కళ్లు మూసుకుని బొమ్మ గీసుకోవటం అనుకుంటే మాత్రం దారి తప్పినట్టే. నీటి రంగు, చెరువు గట్టు, గట్టు మీది చెట్లు కనిపించాల్సిన పని లేదు. నీటి ఒత్తిడి చర్మానికి తెలియాలి. చూపు దూరంగా, ప్రశాంతంగా ఉంటుంది, ఊహ స్పర్శలో ఉంటుంది. చాలామంది ఇక్కడే తడబడతారు. బొమ్మను పట్టుకోవాలన్న తాపత్రయంలో నుదురు ముడుచుకుంటుంది, కొత్త బిగువు పుట్టుకొస్తుంది. అందుకే గురువులు ఊహను తేలిగ్గా ఉంచమంటారు. ఉన్నట్టూ ఉండాలి, లేనట్టూ ఉండాలి. వేళ్ల సందుల్లో పత్తి ఉండలు పెట్టుకున్నట్టు, అవి పడిపోకూడదన్నంత శ్రద్ధ మాత్రమే.

ఆరోగ్యం కోసం నిలబడేవారికి విశ్రాంతినిచ్చే ఊహలు చాలు. తల మీంచి గోరువెచ్చటి నీళ్లు ధారగా కారి పాదాల దాకా దిగుతున్నాయనుకోవచ్చు, వాన వెలిసిన కొండల వైపు చూస్తున్నామనుకోవచ్చు. పోరాట సాధకుల నిలుపు వేరు. ఒక పాదం ముందుకు, బరువు ఎక్కువ భాగం వెనక కాలి మీద. చేతుల్లో చెట్టు మానును కావలించుకున్నారనుకుంటారు. దాన్ని తమవైపు లాగాలి, వెంటనే వెనక్కి నెట్టాలి, వేళ్లతో పెకలించాలి, మళ్లీ నేలలోకి అదమాలి. ఇదంతా మనసులోనే. బయటికి చెట్టూ కదలదు, మనిషీ కదలడు. కానీ లాగాలన్న ఉద్దేశం పుట్టగానే అరికాలు నేలను పట్టుకుంటుంది, నెట్టాలనుకోగానే వీపు వెడల్పవుతుంది. పైకీ కిందికీ, ముందుకూ వెనక్కూ, అటూ ఇటూ ఆరు దిక్కుల్లోకి ఒకేసారి సిద్ధంగా ఉండే ఒళ్లు కావాలన్నది లక్ష్యం. నిండు బిందె చంకనెత్తుకున్న మనిషి ఒక్క చేత్తో మోయదు, పాదం నుంచి మెడ దాకా ఒళ్లంతా కలిసి మోస్తుంది. ఆ కలయికను బిందె లేకుండా నేర్పటమే ఇక్కడి పని.

సాధన కుదిరిందో లేదో గురువు చేత్తో తేల్చేస్తారు. నిలబడ్డ శిష్యుడి ముంజేతిని రెండు వేళ్లతో మెల్లగా నెడతారు. చేయి కూలిపోతే ఒళ్లు మరీ వదులుగా ఉంది. నెట్టిన వేలికి ఒళ్లంతా కర్రలా ఊగిపోతే మరీ బిగుసుకుంది. చేయి కొద్దిగా లొంగి, ఆ ఒత్తిడి పాదం దాకా దిగి, మళ్లీ వేలి దగ్గరకు తిరిగొస్తే సరిగ్గా ఉన్నట్టు. ఈ సాధన మీద నాకు నమ్మకం కలిగించిన వాటిలో ఈ వేలి పరీక్ష ముఖ్యమైనది. మనసులో ఏం ఊహించామో ఎవరికీ కనిపించదు. ఒళ్లు ఏం నేర్చుకుందో మాత్రం వేలికి దొరికిపోతుంది.

నిలుపులో దొరికిన స్పర్శను కదలికలోకి తీసుకెళ్లటానికి షీ లీ చేస్తారు. చేతులు నీటిని తోస్తున్నట్టు అతి నెమ్మదిగా తెరుచుకుంటాయి, మూసుకుంటాయి. నీటి ఒత్తిడి తెలియటం ఆగిపోయిన చోట చేయి కూడా ఆగాలి, అది మళ్లీ దొరికాకే కదలాలి. అడుగుకు మో త్సా బూ ఉంది. బరువంతా ఒక కాలి మీద ఉంచి, రెండో పాదాన్ని బురదలోంచి జరుపుతున్నట్టు ముందుకు తీసుకెళ్లాలి. వయసు మళ్లినవారు తూలి పడిపోయేది చాలాసార్లు బరువు ఒక కాలి నుంచి ఇంకో కాలికి మారే ఆ క్షణంలోనే. ఆ క్షణాన్నే సాగదీసి, నెమ్మది చేసి నేర్పే అడుగు ఇది. గొంతుతో చేసే షీ షెంగ్, ఇద్దరు చేతులు కలిపి చేసే సాధన ఆ తర్వాతి మెట్లు. ఆరోగ్యం వరకే కోరుకునేవారు అంతదూరం వెళ్లాల్సిన అవసరం లేదు.

ఊహకు కండరం నిజంగా స్పందిస్తుందా అంటే, స్పందిస్తుంది. 1930ల నాటికే షికాగోలో ఎడ్మండ్ జేకబ్‌సన్ చేయి వంచుతున్నట్టు ఊహించుకునేవారి కండరాల్లో సన్నటి విద్యుత్ ప్రకంపనలను కొలిచారు. 1992లో అయోవా విశ్వవిద్యాలయంలో గ్వాంగ్ యూ, కెల్లీ కోల్ చేసిన ప్రయోగం ఇంకా స్పష్టంగా ఉంది. చిటికెన వేలిని పక్కకు నెట్టే కండరానికి కొందరు నాలుగు వారాలు నిజంగా వ్యాయామం చేశారు, కొందరు ఆ వ్యాయామాన్ని మనసులోనే చేశారు. నిజంగా చేసినవారి బలం 30 శాతం పెరిగింది. ఊహించినవారిది 22 శాతం పెరిగింది. ఏమీ చేయనివారిది 4 శాతం కూడా పెరగలేదు. ఊహించినంత మాత్రాన కండరం లావెక్కదు, మెదడు ఆ కండరానికి ఆజ్ఞ పంపే తీరు మెరుగవుతుంది. ఊహను, నిజమైన నిలుపును కలిపి చేసే యీచువాన్‌కు ఇది గట్టి ఆధారమే, పూర్తి రుజువు కాదు. యీచువాన్ మీద నేరుగా జరిగిన పెద్ద పరిశోధనలు తక్కువ. దీనికి దగ్గరి చుట్టమైన తాయ్‌చీ మీద ఎక్కువ జరిగాయి. 2012లో అమెరికాలో 195 మంది పార్కిన్సన్ రోగులతో చేసిన అధ్యయనంలో, నిలబడ్డ చోట తూలకుండా ఒరగగలిగే శక్తి బరువుల వ్యాయామం చేసినవారిలో కన్నా, ఒళ్లు సాగదీసే వ్యాయామం చేసినవారిలో కన్నా తాయ్‌చీ చేసినవారిలో ఎక్కువ మెరుగైంది. నెమ్మదిగా, మనసు పెట్టి, బరువును పాదాల మీద మారుస్తూ చేసే సాధనకు నిలకడ మీద పట్టు ఉందని దీన్నిబట్టి అనుకోవచ్చు.

ఈ నిలుపు క్యాన్సర్‌ను పోగొడుతుందని, మందులు మానేయవచ్చని చెప్పేవాళ్లు ఎక్కడైనా ఉంటారు. అలాంటివాళ్ల మాట నమ్మితే ప్రాణం మీదకొస్తుంది. బీపీ, షుగరు మందులు వేసుకునేవారు వేసుకుంటూనే నిలబడాలి. ఈ సాధన ఇచ్చేది వేరే. పగలంతా భుజాలు బిగించుకుని పని చేసే మనిషికి ఆ బిగువు ఎక్కడుందో పట్టిస్తుంది. అనవసరమైన శ్రమ ఏదో, అవసరమైనది ఏదో ఒళ్లే వేరు చేయటం నేర్చుకుంటుంది. గిన్నె తోముతున్నా, బస్సులో కడ్డీ పట్టుకుని నిలబడ్డా పనికొచ్చే నేర్పు అది. ఆరోగ్య నిలుపును పోరాట నిలుపుకు పల్చటి నకలుగా చూసేవారితో నేను ఏకీభవించను. రెండింటికీ పునాది ఒకటే. బిగుసుకున్న ఒళ్లు దెబ్బా కొట్టలేదు, నిద్రా పోలేదు.

మొదలుపెట్టాలనుకునేవారికి మూడు నిమిషాలు చాలు. రోజూ అదే వేళకు, భోజనం చేసి గంటకు పైగా అయ్యాక నిలబడాలి. హాయిగా అనిపిస్తే వారానికో నిమిషం చొప్పున పెంచుకోవచ్చు. తొడలు వేడెక్కటం, సన్నగా వణకటం మామూలే. మోకాలి కీలు లోపల నొప్పి అనిపిస్తే వెంటనే కాళ్లు కాస్త నిటారు చేసి చూడాలి, అయినా తగ్గకపోతే ఆ రోజుకు ఆపేయాలి. కళ్లు తిరిగినా, గుండె దడదడలాడినా వెంటనే కూర్చోవాలి. బీపీ ఎక్కువగా ఉన్నవారు, గర్భిణులు, మోకాళ్లు అరిగినవారు డాక్టరును అడిగి మొదలుపెట్టాలి, చేతులను బొడ్డు ఎత్తులోనే ఉంచుకోవాలి. నిలబడలేని పెద్దవారికి కుర్చీ ఉంది. వీపు ఆనించకుండా అంచున కూర్చుని, పాదాలు రెండూ నేల మీద పూర్తిగా మోపి, అరచేతులు పొట్ట ముందు ఉంచుకుని చేయవచ్చు. మంచం పట్టినవారి కోసం వెల్లకిలా పడుకుని, మోకాళ్లు పైకి మడిచి చేసే పద్ధతిని కూడా వాంగ్ పరంపరలో నేర్పుతారు. ఆ స్థితిలోనూ చేతుల మధ్య అదే కాగితపు బెలూన్, అంతే జాగ్రత్త.