ఒకే బల్ల చుట్టూ

పెద్దవాళ్ల నడక చూడటానికి నాకు ఒక కుర్చీ, ఒక గడియారం చాలు. కుర్చీలోంచి లేవాలి, మూడు మీటర్లు నడవాలి, తిరిగొచ్చి కూర్చోవాలి. 12 సెకన్లు, అంతకుమించి పడితే పడిపోయే ముప్పు ఉన్నట్టు లెక్క. ఎందుకు ఆలస్యమైందో మాత్రం గడియారం చెప్పదు. అది చెప్పడానికి నాలాంటి ఫిజియోథెరపిస్టు ఒక్కడూ చాలడు.

రెజిమెంటల్ బజార్‌లో ఒక పెద్దావిడ రెండుసార్లు పడ్డారు. "మోకాళ్లు పోయినయ్ బిడ్డా" అన్నారు. మోకాళ్ల అరుగుదల నిజమే. మా నర్సు పడుకోబెట్టి ఒకసారి, నిలబెట్టి ఒకసారి బీపీ చూసింది. నిలబడగానే పై అంకె 20కి పైగా పడిపోయింది. ఫార్మసిస్టు మందుల డబ్బా మంచం మీద గుమ్మరించమన్నాడు. ఇద్దరు డాక్టర్లు రాసిన రెండు పేర్ల కింద ఉన్నది ఒకే మందు, అమ్లోడిపిన్. అప్పుడు కోడలు నోరు విప్పింది: "నీళ్ల మాత్ర రాత్రి తింటదండి. రెండు మూడు సార్లు లేస్తది, లైటేస్తే మేం లేస్తమని చీకట్లనే పోతది."

ఆ ఒక్క మాటతో డాక్టరు, నర్సు, ఫార్మసిస్టు, నేను, మా నలుగురి కాగితాలూ కలిశాయి. కోడలు కూడా జట్టులో మనిషేనని నేను గట్టిగా నమ్ముతాను.

ఇలా జట్టుగా కలిసి వృద్ధులను చూసే పద్ధతికి దారి వేసింది డాక్టర్ మార్జొరీ వారెన్. 1935లో లండన్ దగ్గరి వెస్ట్ మిడిల్‌సెక్స్ ఆసుపత్రిలో, ఇక లేవరని మంచాలకు వదిలేసిన వృద్ధులను ఆమె ఒక్కొక్కరినీ పరీక్షించారు. నర్సులు, చికిత్సకులు కలిసి పనిచేస్తే చాలామంది లేచారు, కొందరు ఇళ్లకూ వెళ్లారు. మన పక్కనే చెన్నైలో డాక్టర్ వి.ఎస్. నటరాజన్ 1978లో వృద్ధులకు ప్రత్యేక ఓపీ తెరిచారు.

మా బజారు పెద్దవాళ్లు గుండెకు ఒక రోజు, కంటికి ఒక రోజు, ఎముకలకు ఇంకో రోజు ఆటో ఎక్కుతారు. అన్ని చీటీలూ వాళ్ల సంచిలోనే ఉంటాయి, అన్నీ కలిపి చదివేవాళ్లుండరు. 2010లో మొదలైన జాతీయ వృద్ధుల ఆరోగ్య కార్యక్రమం జిల్లా ఆసుపత్రుల్లో 10 పడకల వార్డులు పెట్టమంది. పడకలు కావాలి. వాటితోపాటు వారానికో గంట, డాక్టరు, నర్సు, ఫార్మసిస్టు, ఫిజియో, ఇంటి మనిషి ఒకే బల్ల చుట్టూ కూర్చునే వేళ కూడా డ్యూటీ చార్టులో రాయాలి. ఖాళీ దొరికినప్పుడు చూద్దామనుకుంటే అది జరగదు.

ఆ పెద్దావిడకు డాక్టరు ఒక మందు తీసేశారు, నీళ్ల మాత్ర పొద్దుటికి మార్చారు. కొడుకు బాత్రూమ్ దారిలో చిన్న బల్బు పెట్టాడు. మోకాళ్ల కసరత్తు నేను ఆ తర్వాతే మొదలుపెట్టాను.