దెబ్బ ఎక్కడ పడుతుందన్నదే అసలు సంగతి

హైదరాబాద్‌లో మారుతి 800 అమ్మకాలు 2010 ఏప్రిల్‌లో ఆగిపోయాయి. వాహన కాలుష్యానికి హద్దు పెట్టే భారత్ స్టేజ్-4 నిబంధన ముందుగా వచ్చిన పదమూడు నగరాల్లో మనదీ ఒకటి. అంటే ఇక్కడి షోరూముల్లో కొన్న ప్రతి 800కీ పదిహేనేళ్ళు నిండిపోయాయి. అంబర్‌పేట్, నారాయణగూడ, అశోక్‌నగర్ సందుల్లో అవి ఇంకా తిరుగుతున్నాయి. 2022 ఏప్రిల్‌లో పాత కారు రిజిస్ట్రేషన్ పొడిగింపు ఫీజు 600 నుంచి 5,000 రూపాయలకు పెరిగినా వదులుకోని యజమానులు ఉన్నారు. అలాంటి బండి వెనక చక్రం మోత పెడితే బేరింగులు ఇంటి దగ్గరే మార్చుకోవచ్చంటాను. డబ్బు మిగులుతుందని కాదు. ఈ పనిలో జరిగే తప్పు ఆ రోజు కనిపించదు, నెలలు గడిచాక బయటపడుతుంది. అప్పటికి ఆ బండితో మిగిలి ఉండేది యజమాని ఒక్కడే.

ముందు అది బేరింగు మోతేనా అని తేల్చుకోవాలి. టైరు చప్పుడు రోడ్డును బట్టి మారుతుంది. సిమెంటు రోడ్డు మీద ఒకలా, తారు మీద ఒకలా ఉంటుంది. బేరింగు మోత వేగంతో పాటు పెరుగుతుంది, మలుపు తిరిగేటప్పుడు బరువు ఒక పక్కకి ఒరగ్గానే హెచ్చుతుంది లేదా తగ్గుతుంది. చక్రం పైకెత్తి తిప్పుతూ సస్పెన్షన్ స్ప్రింగు మీద చెయ్యి వేస్తే గరగర వేళ్ళకే తెలుస్తుంది. ఇక 800లో వెనక బ్రేకు డ్రమ్మే హబ్బు. అందులో రెండు బాల్ బేరింగులు, వాటి మధ్య ఒక స్పేసర్ ఉంటాయి. బయటి రింగు డ్రమ్ములో బిగుతుగా దిగుతుంది, లోపలి రింగు ఇరుసు మీదికి జారుతుంది. పాతది తీయాలంటే అవతలి వైపు నుంచి ఇనుప కడ్డీ పెట్టి లోపలి రింగు మీద కొట్టక తప్పదు. ఎలాగూ పారేసేదే కాబట్టి నష్టం లేదు. కొత్తది ఎక్కించేటప్పుడు కూడా చెయ్యి అలవాటుగా అదే చోట కడ్డీ పెట్టిందంటే చిక్కు అక్కడే. బిగుతు బయటి రింగుది, దెబ్బ లోపలి రింగుకి. మధ్యలో ఆ జోరంతా బాల్స్ మోయాలి. ఒక్కో బాల్ తన దారిలో కంటికి ఆనని గుంట పెడుతుంది. బ్రినెల్ అనే స్వీడన్ ఇంజనీరు 1900లో ఉక్కు గోళీని లోహంలోకి నొక్కి, పడిన గుంటను కొలిచి లోహం గట్టిదనం లెక్కకట్టే పద్ధతి చూపించాడు. సుత్తి పట్టినవాడు తెలియకుండా కొత్త బేరింగు మీద చేసేది అదే పరీక్ష.

ఇలా దెబ్బ తిన్న బేరింగు ఆ సాయంత్రం చక్కగా తిరుగుతుంది. మెకానిక్ తిప్పి చూపిస్తాడు, యజమాని తల ఊపుతాడు. కొన్ని వేల కిలోమీటర్ల తర్వాత మోత మళ్ళీ మొదలైతే నింద గుంతల మీదికో, డూప్లికేట్ సరుకు మీదికో, వాన మీదికో పోతుంది. ఆ నిందలో కొంత నిజం ఉండటమే అసలు ఇబ్బంది. మూసీ పొంగినప్పుడు మూసారాంబాగ్ వంతెన దగ్గర ఏమవుతుందో అంబర్‌పేట్ వాళ్ళకి చెప్పనక్కర్లేదు. నీళ్ళలో నానిన హబ్బులో గ్రీజు తెల్లబడి పాడవుతుంది, తుప్పు పడుతుంది. నకిలీ బేరింగులూ ఉన్నాయి. ఇన్ని కారణాల మధ్య సుత్తి దెబ్బ ఎవరి లెక్కలోకీ రాదు. తన తప్పు తనకి తిరిగి కనిపించని చోట ఎంత నిజాయితీపరుడైనా మెరుగుపడలేడు. కాబట్టి ఇది మెకానిక్‌ల మీద ఫిర్యాదు కాదు. రోజుకి నాలుగు బండ్లు చూస్తే తప్ప ఇల్లు గడవని మనిషికి లేని తీరిక యజమానికి ఉంటుంది, అంతే.

వీధి చివరే మెకానిక్ ఉండగా ఈ తిప్పలెందుకని అడగొచ్చు. బేరింగును దెబ్బ లేకుండా నొక్కి దించే ప్రెస్ ఇంట్లో ఉండదు కదా అన్నది అంతకన్నా గట్టి ప్రశ్న. నిజమే. కానీ డ్రమ్ము చేత్తో మోసుకెళ్ళగలిగే వస్తువు. విప్పడం, కిరోసిన్‌తో కడగడం, స్పేసర్ అరిగిందో లేదో చూడటం ఇంట్లో చేసుకుని, నొక్కించే పని మాత్రం లేత్ షాపులో కళ్ళెదుట చేయించుకోవచ్చు. 1943లో మొదలైన ప్రాగా టూల్స్ దశాబ్దాలపాటు యంత్రపరికరాలు తయారుచేసిన కవాడిగూడ ఇక్కడికి దగ్గరే; లేత్ పని ఈ చుట్టుపక్కలకి కొత్త కాదు. ప్రీమియర్ పద్మినికి మాత్రం ఈ సలహా వర్తించదు. దాని వెనక బేరింగు యాక్సిల్ షాఫ్టుకి బిగించి ఉంటుంది, అది మొత్తంగా వర్క్‌షాపు పనే.

ప్రమాదం గురించిన అభ్యంతరాన్ని మాత్రం నేను తేలిగ్గా కొట్టెయ్యను. హ్యాండ్ బ్రేకు పట్టేది వెనక చక్రాలనే. డ్రమ్ము ఊడాలంటే దాన్ని వదిలెయ్యాలి, అప్పుడు బండిని ఆపేది ముందు చక్రాలే. బండిని గేరులో ఉంచి, వాటికి రెండు వైపులా చెక్క ఆపులు పెట్టి, జాకీతో లేపాక బరువుని స్టాండు మీదికి దించాలి. ఇటుకల మీద నిలబెట్టడం ఆత్మహత్యే. గ్రీజు బాల్స్ మధ్య నిండాలి గానీ హబ్బులో కుక్కకూడదు; పొంగి బ్రేకు లైనింగుకి అంటితే ఆ చక్రానికి బ్రేకు లేనట్టే. రెండు బేరింగులకీ మధ్య స్పేసర్ మరిచిపోతే నట్టు బిగించిన కొద్దీ లోపలి రింగులు పక్కలకి నొక్కుకుని త్వరగా కాలిపోతాయి. ఇవన్నీ పాటించాలంటే చదునైన సిమెంటు నేల, ఎవరూ తొందరపెట్టని ఒక పూట కావాలి. అపార్టుమెంటు సెల్లార్లలో బండి విప్పొద్దని బోర్డులు పెట్టే సంఘాలు, ఆదివారం పూట ఒక మూల వదిలిపెట్టినా చాలు.