గెలవకముందే ఇచ్చిన మాట

నాయకుడెవరైనా మాట ఇస్తే, దాని ఖర్చు ఎవరి నెత్తిన పడుతుందో వెతకడం నాకు అలవాటు. అలా వెతికినప్పుడల్లా డేవిడ్ కామెరాన్ 2005లో ఇచ్చిన మాట గుర్తొస్తుంది.

ఆ మే నెలలో బ్రిటన్ కన్జర్వేటివ్ పార్టీ వరసగా మూడోసారి ఓడింది. నాయకత్వ పోటీలో ఎంపీల తొలి విడత ఓటింగులో డేవిడ్ డేవిస్‌కు 62, కామెరాన్‌కు 56 వచ్చాయి. యూరోపియన్ యూనియన్ అంటే గిట్టని ఎంపీల మద్దతు కామెరాన్‌కు కావాలి. యూరోపియన్ పార్లమెంటులో పీపుల్స్ పార్టీ కూటమి నుంచి మనవాళ్లను బయటికి తెస్తానని ఆయన మాట ఇచ్చారు. డేవిస్ ఇవ్వలేదు. డిసెంబరు 6న కామెరాన్ గెలిచారు. ఆ కూటమిలో పెద్ద పార్టీ ఏంజెలా మెర్కెల్‌ది. ఆమె జర్మనీ చాన్సలరై అప్పటికి సరిగ్గా రెండు వారాలు.

నాయకత్వం చేతికి రాకముందు విదేశాల వైపు చూడటం తప్పని నేననను. 2008 జులైలో, అమెరికా అధ్యక్ష పదవికి అభ్యర్థిత్వం లాంఛనంగా ఖరారు కాకముందే, ఒబామా బెర్లిన్‌లో జనసముద్రం ముందు మాట్లాడారు. ఆయన యూరప్‌తో స్నేహాన్ని పెంచుకోవడానికి వెళ్లారు. కామెరాన్ మాత్రం, తన పార్టీ ఏళ్ల తరబడి కట్టుకున్న స్నేహాన్ని, ఇంకా తన చేతికి రాకముందే, ఓట్ల కోసం ఖర్చుపెట్టారు. ఇది నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

మాట నిలబెట్టుకోవడానికి 2009 దాకా పట్టింది. చెక్, పోలండ్ పార్టీలతో కలిసి వేరే గుంపు కట్టారు. పోయిందేమిటో బయటికి వెంటనే కనిపించలేదు. యూరోపియన్ శిఖరాగ్ర సమావేశాలకు ముందు పీపుల్స్ పార్టీ కూటమి ప్రధానులు విడిగా కూర్చుంటారు. చాలా విషయాలు అక్కడే ఒక కొలిక్కి వస్తాయి. 2010లో ప్రధాని అయిన కామెరాన్‌కు అక్కడ కుర్చీ లేదు.

2014 మార్చిలో ఆ కూటమి డబ్లిన్‌లో సమావేశమై, యూరోపియన్ కమిషన్ అధ్యక్ష పదవికి జాన్ క్లాడ్ యుంకర్‌ను ఎంచుకుంది. బ్రిటిష్ కన్జర్వేటివ్‌లకు ఓటు లేదు. జూన్‌లో కామెరాన్ గట్టిగా అడ్డుపడ్డారు. స్వీడన్ ప్రధాని, మెర్కెల్‌నూ కామెరాన్‌నూ పడవలో కూర్చోబెట్టుకుని తెడ్డు వేసిన ఫొటో అప్పటిదే. యుంకర్ మీద ఆయన అభ్యంతరాల్లో పస ఉందనే నా అభిప్రాయం. కానీ జూన్ 27న యూరోపియన్ యూనియన్ నేతల ఓటింగు 26-2. ఆయన పక్కన మిగిలింది హంగరీ ఒక్కటే.

యూరోపియన్ యూనియన్‌లో ఉండాలా వద్దా అన్న 2016 రెఫరెండానికి ముందు బ్రిటన్‌కు కొత్త షరతుల కోసం కామెరాన్ బేరమాడాల్సి వచ్చింది ఆ యుంకర్‌తోనూ, యూరోపియన్ కౌన్సిల్ అధ్యక్షుడు డొనాల్డ్ టస్క్‌తోనూ. ఇద్దరూ పీపుల్స్ పార్టీ వాళ్లే.