తలుపు తీసి ఇల్లు మార్చారు

విశ్వవిద్యాలయాలు సంక్షోభంలో ఉన్నాయని ఇప్పుడు అందరూ అంటున్నారు. పత్రికల్లో సంపాదకీయాలు వస్తున్నాయి. రిటైరైన ప్రొఫెసర్లు సభల్లో బాధపడుతున్నారు. ప్రమాణాలు పడిపోయాయి, పరిశోధన నాసిరకమైంది, రాజకీయ జోక్యం పెరిగింది, చదువు సరుకైపోయింది - ఇవీ వాళ్ల బాధలు. వీటిలో చాలామటుకు నిజాలే. అయితే ఈ బాధ ఎప్పుడూ "మా రోజుల్లో యూనివర్సిటీ అంటే..." అని మొదలవుతుంది. ఆ రోజుల్లో మనం ఎక్కడున్నాం? ఉస్మానియా 1918లో, ఆంధ్ర విశ్వవిద్యాలయం 1926లో మొదలయ్యాయి. మాలపల్లెల నుంచీ మాదిగగూడేల నుంచీ పిల్లలు చెప్పుకోదగ్గ సంఖ్యలో పీజీ క్లాసుల దాకా రావడానికి ఆ తర్వాత దశాబ్దాలు పట్టింది. సాంఘిక సంక్షేమ హాస్టలు, స్కాలర్‌షిప్పు, రిజర్వేషను - ఈ మూడూ కలిస్తేగాని అది జరగలేదు. కాబట్టి ఆ పాత మంచిరోజులు ఎవరి మంచిరోజులో ముందు తేల్చుకోవాలి.

అభ్యుదయవాదులు ప్రైవేటీకరణ గురించి ఒకచోట మాట్లాడతారు. కులవివక్ష గురించి ఇంకోచోట, సాధారణంగా ఎవరైనా విద్యార్థి చనిపోయినప్పుడు మాట్లాడతారు. ఈ రెండూ వేర్వేరు సమస్యలన్నట్టు ఉంటుంది ఆ వాటం. దళితుల వైపు నుంచి చూస్తే ఇవి ఒకే వ్యవహారానికి రెండు కొసలు. మనకు తలుపు తీయక తప్పనప్పుడు అధికారం తలుపు దగ్గర నుంచి తప్పుకుంది. లోపల ఉన్న అధికారం ఎవరూ రాసిపెట్టని గదుల్లోకి, అంటే వైవాలోకి, గైడు ఇష్టాయిష్టాల్లోకి, సెలక్షన్ కమిటీలోకి పోయింది. మిగతాది ఏకంగా ఇల్లే మార్చి, రిజర్వేషన్ లేని ప్రైవేటు క్యాంపస్‌లో కాపురం పెట్టింది.

ముందు లోపలి గదులు చూద్దాం.

రాతపరీక్షలో పేపరు మీద పేరుండదు, నెంబరు ఉంటుంది. దిద్దేవాడికి కులం తెలిసే అవకాశం తక్కువ. వైవాలో మనిషి ఎదురుగా కూర్చుంటాడు. ఇంటిపేరు, ఊరు, మాట తీరు, ఇంగ్లీషు పలికే తీరు అన్నీ ఎదురుగానే ఉంటాయి. జేఎన్‌యూలో అబ్దుల్ నఫే కమిటీ 2016లో మార్కుల లెక్కలు తీసి చూసింది. రాతపరీక్ష మార్కులకూ వైవా మార్కులకూ మధ్య తేడా సామాజిక వర్గాన్ని బట్టి ఒకే తీరుగా పోతున్నదని తేల్చి, వైవా మార్కులను తగ్గించమంది. అదే ఏడు యూజీసీ ఏం చేసింది? ఎంఫిల్, పీహెచ్‌డీ ప్రవేశాలకు రాతపరీక్షను అర్హత కోసమే ఉంచి, ఎంపిక మొత్తం ఇంటర్వ్యూ చేతిలో పెట్టింది. రోగం ఇదీ అని ఒక కమిటీ చెబుతుంటే, ఆ రోగాన్నే మందని రాసిచ్చినట్టయింది. విద్యార్థులు పోరాడితేనే 2018లో రాతపరీక్షకు 70, ఇంటర్వ్యూకు 30 అన్న లెక్క వచ్చింది. మెరిట్ అని ఎవరైనా గొంతు పెంచినప్పుడు, అది రాతపరీక్ష మెరిటా, వైవా మెరిటా అని మనం అడగాలి.

సీటు వచ్చాక గైడు రావాలి. విశ్వవిద్యాలయంలో అన్నిటికన్నా పెద్ద అధికారం వైస్ చాన్సలర్‌దని బయటివాళ్లు అనుకుంటారు. పరిశోధక విద్యార్థికి మాత్రం గైడు సంతకమే అన్నిటికన్నా పెద్దది. ఫెలోషిప్ బిల్లు మీద, ప్రోగ్రెస్ రిపోర్టు మీద, చివరికి థీసిస్ మీద ఆ సంతకమే పడాలి. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో ఫిజిక్స్ పరిశోధకుడు సెంథిల్ కుమార్ 2008లో చనిపోయాడు. తమిళనాడులో పందులు పెంచుకునే కులం నుంచి వచ్చినవాడు. ఆ తర్వాత వేసిన కమిటీ, గైడ్ల కేటాయింపులో ఒక పద్ధతీ స్పష్టతా లేవని రాసింది. అయినా 2013లో మాదారి వెంకటేశ్ అదే క్యాంపస్‌లో చనిపోయాడు. చేరి రెండేళ్లు దాటినా అతనికి సరైన గైడును ఇవ్వలేదన్నది తోటి విద్యార్థుల ప్రధాన ఆరోపణ. 2016 జనవరి 17న రోహిత్ వేముల చనిపోయాడు. అంబేద్కర్ స్టూడెంట్స్ అసోసియేషన్‌లో పనిచేసినందుకు నలుగురు సహచరులతో పాటు హాస్టల్ నుంచి వెలివేతకు గురైనవాడు. తనకు ఏడు నెలల ఫెలోషిప్ రావాలనీ, అది ఒక లక్షా డెబ్భై ఐదు వేల రూపాయలనీ చివరి ఉత్తరంలో లెక్క రాసిపెట్టాడు. ఆ ఉత్తరంలోని నక్షత్రాల గురించి చాలామంది రాశారు. ఈ లెక్క గురించి రాసినవాళ్లు తక్కువ. కులవివక్ష అంటే బూతుమాట ఒక్కటే అనుకునేవాళ్లకు ఆ లెక్క చూపించాలి. కదలని ఫైలు, పడని సంతకం, రాని డబ్బు - క్యాంపస్‌లో కులం ఈ రూపంలో పనిచేస్తుంది. ఎవరూ తిట్టరు కాబట్టి అట్రాసిటీ కేసూ నిలబడదు.

గైడు దొరికాడే అనుకుందాం. అప్పుడు టాపిక్ దగ్గర పేచీ. "నువ్వు దళిత సాహిత్యం మీద చెయ్యవయ్యా, నీకు తేలిక" అంటాడు సారు. దళిత సాహిత్యం మీద పరిశోధన జరగాల్సిందే. మాల మాదిగ పిల్లలు తమ వాడల మీదనే పని చెయ్యాలనీ, ఛందస్సు, భాషాశాస్త్రం, సాహిత్య సిద్ధాంతం మాత్రం పైకులాల పిల్లలకనీ పంపకం ఎవరు చేశారు? సిద్ధాంతం చేసేవాళ్లు బ్రాహ్మణులుగా, సమాచారం మోసుకొచ్చేవాళ్లు శూద్రులుగా మన సామాజిక శాస్త్రాలు చీలిపోయాయని గోపాల్ గురు 2002లోనే రాశాడు. తెలుగు శాఖల్లో చూడండి. సిలబస్‌లో దళిత కవిత్వం ఒక యూనిట్‌గా చేరింది. కానీ కవిత్వం అంటే ఏమిటో చెప్పే పేపరు మారలేదు. కుసుమ ధర్మన్ననూ జాషువానూ ఉదాహరణలుగా చెబుతారు గానీ వాళ్లను బట్టి కొలతలు మార్చరు. కొత్త చుట్టాలకు పంచలో చాప వేసి, పెత్తనం నడింట్లోనే అట్టిపెట్టుకున్నట్టుంది ఇది.

ఇక పోస్టుల సంగతి. ఇక్కడ ఆట అంతా అంకెల్లో ఉంటుంది, కాబట్టి విద్యార్థి నాయకులు ఓపికగా నేర్చుకోవాలి. 2017లో అలహాబాద్ హైకోర్టు, రిజర్వేషన్ లెక్కకు విశ్వవిద్యాలయం మొత్తాన్ని కాకుండా ఒక్కో శాఖను యూనిట్‌గా తీసుకోవాలంది. 2018 మార్చిలో యూజీసీ ఆ మాటే చెబుతూ ఆదేశాలు పంపింది. 13 పాయింట్ల రోస్టర్ అంటే ఇదే. ఆ రోస్టర్‌లో నాలుగో పోస్టు ఓబీసీకి, ఏడో పోస్టు ఎస్సీకి పోతుంది. ఎస్టీ వంతు రావాలంటే పద్నాలుగో పోస్టు ఉండాలి. ఆరుగురు టీచర్లున్న శాఖలో ఎస్సీకి పోస్టే లేదు. పద్నాలుగు మంది లేని శాఖలో ఆదివాసీకి పోస్టే లేదు. రాజ్యాంగంలో ఒక్క అక్షరం మార్చలేదు. రిజర్వేషన్ రద్దు చేస్తున్నామని ఎవరూ అనలేదు. యూనిట్ అనే ఒక్క మాటకు అర్థం మార్చారు, అంతే. దేశమంతా గొడవ జరిగాక 2019 మార్చిలో ఆర్డినెన్సు, తర్వాత చట్టం వచ్చి పాత పద్ధతి నిలబడింది. ఆ చట్టం కూడా షెడ్యూలులో చేర్చిన కొన్ని "శ్రేష్ఠ" సంస్థలను మినహాయించింది. శ్రేష్ఠతకూ మనకూ పొసగదని చట్టమే ఒప్పుకున్నట్టు! 2020లో ఐఐటీలను అధ్యాపక రిజర్వేషన్ల నుంచి తప్పించమని ఒక ప్రభుత్వ కమిటీయే సిఫారసు చేసింది. రిజర్వుడు పోస్టుకు దరఖాస్తులు వస్తాయి, ఇంటర్వ్యూలు జరుగుతాయి, చివరికి "తగినవారు దొరకలేదు" అని రాస్తారు. 2023 డిసెంబర్‌లో యూజీసీ ఒక ముసాయిదాలో, అభ్యర్థులు దొరక్కపోతే అలాంటి పోస్టులను జనరల్‌లోకి మార్చుకునే దారి కూడా చూపించబోయింది. వ్యతిరేకత రావడంతో 2024 జనవరిలో వెనక్కి తగ్గింది. మన రాష్ట్ర యూనివర్సిటీల్లో ఇంత శ్రమ కూడా అక్కర్లేదు. రెగ్యులర్ నియామకాలు ఏళ్ల తరబడి ఆపి, కాంట్రాక్టు వాళ్లతో, గంటల లెక్కన చెప్పే గెస్ట్ టీచర్లతో నడిపిస్తే సరిపోతుంది.

ఇప్పుడు ఇల్లు మార్చిన కథ. 1882లో హంటర్ కమిషన్ ముందు జోతిరావు ఫూలే ఒక లెక్క చెప్పాడు. పన్ను కట్టేది శూద్ర రైతులు, ఆ డబ్బుతో చదివేది పైకులాలవాళ్లు అని. ఆంధ్రప్రదేశ్‌లో ఆ లెక్క కొత్త రూపంలో నడిచింది. కోస్తా జిల్లాల్లో హరిత విప్లవం మిగులు సినిమాల్లోకి, పరిశ్రమల్లోకి పోయినట్టే కాలేజీల్లోకి కూడా పోయింది. భూమి ఉన్న కులాలు కాలేజీల యజమానులయ్యాయి. ప్రైవేటు కాలేజీల మీద అదుపు ఎంత అన్న వాదంలో 1993 నాటి ఉన్నికృష్ణన్ కేసు ఆంధ్రప్రదేశ్ పేరుతోనే ఉండటం వింతేమీ కాదు. 2005లో ఇనాందార్ కేసులో సుప్రీంకోర్టు, ప్రభుత్వ సాయం తీసుకోని కాలేజీలపై రిజర్వేషన్లు రుద్దకూడదంది. పార్లమెంటు 93వ సవరణతో 15(5) అధికరణం తెచ్చింది. 2014లో సుప్రీంకోర్టు ఆ సవరణ చెల్లుతుందని కూడా చెప్పింది. ప్రైవేటు విశ్వవిద్యాలయాల్లో రిజర్వేషన్ పెట్టడానికి రాజ్యాంగపరంగా అడ్డంకి లేదన్నమాట. అయినా 2018 తెలంగాణ ప్రైవేటు విశ్వవిద్యాలయాల చట్టంలో స్థానికులకు 25 శాతం సీట్లు అన్నారు గానీ ఎస్సీ, ఎస్టీ, బీసీ రిజర్వేషన్‌ను తప్పనిసరి చేయలేదు.

ఫీజు రీయింబర్స్‌మెంట్‌తో దళిత పిల్లలు ఇంజనీర్లు కాలేదా అని అడుగుతారు. అయ్యారు. 2008 నుంచి ఆ పథకం కూలి ఇళ్లలోకి మొదటి ఇంజనీరును, మొదటి ఎంబీఏను తెచ్చిందనేది కాదనలేం. ఆ డబ్బు ఎక్కడికి చేరిందన్నది కూడా చూడాలి. ప్రభుత్వ యూనివర్సిటీలో లేబొరేటరీ కొనని డబ్బు, టీచర్ పోస్టు నింపని డబ్బు మన పిల్లల పేరు మీద మేనేజ్‌మెంట్ల ఖాతాల్లో పడింది. అది ఆలస్యమైతే శిక్ష ఎవరికి? బకాయిల కోసం 2025లో తెలంగాణ ప్రైవేటు కాలేజీలు బంద్ చేశాయి. సర్కారు మీద అలిగిన మేనేజ్‌మెంటు పిల్లవాడి టీసీ పట్టుకుని కూర్చుంటుంది. ఉద్యోగం వచ్చినా చేతిలో సర్టిఫికెట్ ఉండదు. ఆంధ్రప్రదేశ్‌లో 2020 చివర్లో ప్రైవేటు కాలేజీల పీజీ విద్యార్థులకు రీయింబర్స్‌మెంటే ఎత్తేశారు. డిగ్రీ చాలు, పైచదువు మీకెందుకని చెప్పకనే చెప్పారు.

2020 జాతీయ విద్యావిధానాన్ని కూడా ఈ వెలుగులోనే చదవాలి. అంత పెద్ద పత్రంలో రిజర్వేషన్ అన్న మాట వెతికితే కనపడదు. మనందరినీ "సామాజిక, ఆర్థికంగా వెనకబడిన సమూహాలు" అనే ఒకే మూటలో కట్టారు. ఏడాదికి మానేస్తే సర్టిఫికెట్, రెండేళ్లకు మానేస్తే డిప్లొమా అన్నారు. ఎప్పుడైనా బయటికి పోవచ్చు, ఎప్పుడైనా రావచ్చు, ఇది స్వేచ్ఛ అంటున్నారు. ఏడాదికే బయటికి పోయేది ఎవరు? తండ్రికి జబ్బు చేసినవాడు, హాస్టల్ సీటు దొరకనివాడు, పెళ్లి నిశ్చయమైన ఆడపిల్ల. నిన్నటిదాకా మానేసినవాళ్లను డ్రాపవుట్ అనేవాళ్లు. ఆ మాటలో ప్రభుత్వానికి కొంచెమైనా తలవంపు ఉండేది. ఇప్పుడు చేతిలో ఒక కాగితం పెట్టి ఆ తలవంపు కూడా లేకుండా చేసుకున్నారు.

మన ఉద్యమాన్ని కూడా విమర్శించుకోవాలి. విగ్రహం, జయంతి, వర్ధంతి, సంఘం ఎన్నికలు - వీటికి పెట్టిన శక్తిలో పదోవంతు రోస్టర్ రిజిస్టర్ చదవడానికి పెట్టామా? దళిత విద్యార్థి అనగానే మన బొమ్మల్లో మగపిల్లవాడే ఎందుకుంటాడు? అమ్మాయికి గైడు గదిలో కులంతో పాటు ఇంకో భయం కూడా ఉంటుంది. హాస్టల్ గేటు వేళలు, ఇంట్లో పెళ్లి తొందర ఉంటాయి. వాటిని మన డిమాండ్ల పత్రంలో చివరి లైనుకు నెట్టేశాం. వర్గీకరణ విషయం చూడండి. 1994 నుంచి మాదిగ దండోరా అడిగింది, ఎవరికెంత వచ్చిందో లెక్క చెప్పమనే. పైకులాలను మనం అడిగే ప్రశ్న కూడా అదే కదా! మనలో మనం అడుక్కుంటే చీలిక అన్నాం. 2024 ఆగస్టులో సుప్రీంకోర్టు వర్గీకరణ చెల్లుతుందంది, 2025లో రెండు రాష్ట్రాలూ అమల్లోకి తెచ్చాయి. ఇక మాల మాదిగల్లోనే కాదు, వాళ్లకన్నా కింద మిగిలిపోయిన చిన్న ఉపకులాల నుంచి ఎందరు పీజీ దాకా వచ్చారో మనమే లెక్క తీయాలి.

యూనివర్సిటీ మారిపోతోందని ఏడ్చేవాళ్లతో గొంతు కలపడం మన పని కాదు. అది మారాల్సిందే. ఏ వైపుకు మారాలన్నదే తగాదా. అందుకు పెద్ద సిద్ధాంతాల కోసం ఆగనక్కర్లేదు. ప్రతి శాఖ రోస్టర్ రిజిస్టర్ నోటీసు బోర్డు మీద పెట్టమందాం. రాతపరీక్ష మార్కులూ వైవా మార్కులూ పక్కపక్కన ప్రకటించమందాం. గైడు కేటాయింపుకు గడువు పెట్టమందాం, దాటితే శాఖాధిపతి జవాబు చెప్పాలి. "తగినవారు దొరకలేదు" అని రాసిన ప్రతి కమిటీ కారణం కాగితం మీద రాయాలి. బకాయి పేరుతో సర్టిఫికెట్ ఆపితే కాలేజీ మీద కేసు పెట్టాలి. 15(5) కింద ప్రైవేటు విశ్వవిద్యాలయాల్లో రిజర్వేషన్‌కు రాష్ట్రాలే చట్టం చెయ్యాలి. వీటిలో సగం సంగతులు సమాచార హక్కు కింద ఒక దరఖాస్తు పెడితే బయటికొస్తాయి. ఈ వ్యాసం చదివే విద్యార్థులు ముందుగా తమ శాఖతోనే ఆ పని మొదలుపెట్టొచ్చు. పోస్టులెన్ని, ఖాళీలెన్ని, ఎవరి వంతు ఎక్కడ ఆగింది అని రాసి అడగండి. వచ్చిన జవాబును పదిమందికీ చదివి వినిపించండి.